అత్తయ్యగారి వీపు

నేను చదివింది ఫిజియోథెరపీ. నూజివీడు బస్టాండుకి కాస్త అవతల, ఒక మందుల షాపు మేడ మీద నాకో క్లినిక్ ఉంది. గోడకి కండరాల బొమ్మలున్న చార్టు, కరెంటు మిషన్లు, వేడి కాపడం పెట్టే సంచులు, ఎత్తు మంచం, అద్దం కట్టించిన సర్టిఫికెట్టు. ఇవన్నీ సంపాదించడానికి నా వయసులో మంచి భాగం ఖర్చయిపోయింది. అయినా ఈ చుట్టుపక్కల నాకు పేరొచ్చింది వీటివల్ల కాదు. నేను మా అమ్మ కడుపులోంచి తల బదులు కాళ్ళు ముందు పెట్టి బయటికొచ్చాను. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తంతే పట్టేసిన నడుం వదిలేస్తుందని మా వైపు గట్టి నమ్మకం. నా చదువు కన్నా నా పుట్టుకకే గిరాకీ ఎక్కువ.

మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, చార్టు వంక అనుమానంగా ఓ చూపు చూసి, గొంతు తగ్గించి, ఒక్క తన్ను తంతారేమోనని వచ్చామండీ అని అడిగేవాళ్ళు నాకు కొత్త కాదు. వాళ్ళలో తోట పనికి వెళ్ళే ఆడవాళ్ళున్నారు, డిగ్రీలు చదివినవాళ్ళున్నారు, ఒక సైన్సు మాస్టారు కూడా ఉన్నారు. నేను తన్నను. మిషన్ పెడతాను, వ్యాయామాలు నేర్పుతాను. వాళ్ళు మొహం ముడుచుకుని చేయించుకుంటారు. నొప్పి తగ్గితే ఆ పుణ్యం మిషన్‌కి దక్కదు. మంచం సర్దేటప్పుడు డాక్టరమ్మ కాలు ఎక్కడో తగిలుంటుందని చెప్పుకుంటూ మెట్లు దిగుతారు.

మా వైపు కండరం అనేది పుస్తకంలో మాట. నోట్లో ఉన్నది నరం. మెడ బిగిసినా నరమే, పిక్క పట్టినా నరమే, దవడ లాగినా నరమే. నరం కాకపోతే గ్యాస్. మామిడికాయ కోతకొచ్చే రోజుల్లో పడమటి దిక్కున కాస్త మబ్బు కనిపిస్తే చాలు, తోటలు కౌలుకి పట్టినవాళ్ళు భుజాలు చెవుల దాకా ఎత్తుకుని నా మెట్లెక్కుతారు. పెద్దగాలి లేస్తే కాయంతా నేలపాలవుతుంది. ఆ భయంతో వాళ్ళ మెడలు కొయ్యబారి ఉంటాయి. ఏమైనా దిగులుగా ఉందా అని అడిగితే నవ్వేస్తారు. అబ్బే, టెన్షనేం లేదండీ, గ్యాసండీ అంటారు. పరీక్షల రోజుల్లో పిల్లలు రారు, వాళ్ళ తల్లులొస్తారు, నిద్రలో పళ్ళు కొరికి కొరికి దవడలు నొప్పులంటూ. వాళ్ళదీ గ్యాసే. ఇంత గాలి మనుషుల కడుపుల్లోనే ఉంటే ఇంక తోటల మీదికి వచ్చేదెక్కడినుంచో నాకు అర్థం కాదు. భయం అన్న మాట మాత్రం ఒక్కరి నోటినుంచీ రాదు. గ్యాస్ అయితే పరువుకి లోటు లేదు.

నిజానికి ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. దెబ్బ పడబోతోందనుకుంటే ఒళ్ళు ముందే బిగుసుకుని కాసుకుంటుంది. దెబ్బ పడిపోతే ఆ పని అయిపోతుంది. పడకుండా నెలల తరబడి నెత్తి మీద వేలాడుతుంటే ఒళ్ళు కూడా నెలల తరబడి అలాగే కాసుకుని ఉంటుంది. మెడ, భుజాలు, వీపు, దవడ ముందు పట్టేస్తాయి. ఈ నాలుగు ముక్కలూ నేను రోజూ చెబుతాను. వినేవాళ్ళు తలాడించి, అయితే ఏం తినకూడదో చెప్పమంటారు.

ఊరందరి సంగతీ ఇలా ఉంటే మా ఇంట్లోవాళ్ళు వేరేగా ఉంటారా? నేను కోడలిగా వెళ్ళింది రెడ్డిగూడెం దారిలో ఒక ఊళ్ళో గుడి అర్చకత్వం చేసే ఇంటికి. మామయ్యగారు అర్చకులు. మా ఆయన మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తారు. స్వామికి రోజూ నైవేద్యం వండేది అత్తయ్యగారు. మా గుడికి వేరే వంటశాల లేదు. మా పెరట్లో ఉన్న మడి వంటిల్లే దానికి వంటశాల. ఆవిడ తెల్లారకుండా తలమీద నీళ్ళు పోసుకుని మడిచీర కట్టుకున్నారంటే, నైవేద్యం గుడికి చేరేదాకా ఆవిణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు. పగలంతా ఊళ్ళోవాళ్ళ వీపులు పిసికి వచ్చే నన్నయితే ఆ మడి వంటింటి గడప తొక్కనిచ్చేవారు కాదు.

అత్తయ్యగారు మెత్తని మనిషని నేను చెప్పను. నేను చేసిన పప్పుని ఆసుపత్రి కూడు అనేవారు. పక్కింటివాళ్ళు దద్దోజనంలో క్యారెట్ తురుము వేశారని తెలిసి వారం రోజులు ఆ క్యారెట్ గురించే మాట్లాడారు. మా ఇద్దరికీ వెక్కిరింపులో మంచి పోటీ ఉండేది. అందుకే ఒకరంటే ఒకరికి గురి. కానీ ఏటా స్వామివారి కల్యాణానికి ఆవిడ గుండిగలకి గుండిగలు పులిహోర, చక్రపొంగలి చేస్తుంటే గడప ఇవతల నిలబడి చూసేదాన్ని. అప్పుడు నాకు వెక్కిరించడానికి ఏమీ దొరికేది కాదు.

ఆ ఏడు ఉగాది వెళ్ళాక గుడి కమిటీ అధ్యక్షుడు టేపు పట్టుకున్న ఒక మనిషిని వెంటబెట్టుకుని మా పెరట్లోకి వచ్చాడు. జనం పెరిగారని, ఆవిరితో అన్నం ఉడికించే పెద్ద పొయ్యిలు పెట్టిస్తామని చెప్పాడు. మడి వంటిల్లు ఈ గోడనుంచి ఆ గోడకి కొలిపించాడు. అత్తయ్యగారు తలుపు వెనకాలే ఉన్నారు. ఆవిడతో ఒక్క ముక్క మాట్లాడకుండా మామయ్యగారితో అన్నాడు.

"పెద్దావిడ ఇంకెన్నాళ్ళని కష్టపడతారండీ, విశ్రాంతి తీసుకోవాలి కదా. ఈ కల్యాణానికి చెయ్యగలిగితే సరే. లేదంటే కాంట్రాక్టు వంటవాళ్ళున్నారు, మాట్లాడేస్తాను."

మామయ్యగారు చూద్దాం అన్నారు. వేదం కంఠతా వచ్చిన మనిషి, ఆ సమయానికి నోట్లోంచి వచ్చిన మాట అదొక్కటి. మర్నాడు పొద్దున్న అత్తయ్యగారు గుండిగ దించబోయి అలాగే నిలబడిపోయారు. మెడ దగ్గర మొదలై రెక్క ఎముక కిందిదాకా వీపంతా పట్టేసింది. కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవడంలేదు. రోజువారీ నైవేద్యం చిన్న గిన్నెలో ఎడం చేత్తో నెట్టుకొచ్చారు కానీ, ఆ చెయ్యి లేవకపోతే కల్యాణానికి గుండిగ దించడం ఉండదు. గుండిగ దించలేకపోతే ఆవిడ స్వామికి వండడమే ఉండదు. ఇంట్లో అందరికీ ఇది తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

పైకి అన్నది ఏంటంటే, తలగడ తేడా చేసిందని. తలగడని మూడు రోజులు ఎండలో పెట్టారు. దాని నరాలు బాగా సాగుంటాయి. తర్వాత కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె వచ్చింది, ఇల్లంతా హారతి వాసన. ఉంగుటూరునుంచి పిన్నత్తగారు ఫోన్ చేసి ఇది వాతమని తేల్చి వంకాయ మాన్పించారు. మా ఆడపడుచు వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది. అందులో ఒకావిడ సముద్రం ఒడ్డున కళ్ళు మూసుకుని కూర్చుంటుంది, వెనక వేణువు మోగుతుంది, మీ ఆలోచనల్ని మేఘాల్లా పోనివ్వండి అని ఎవరో తీయగా చెబుతారు. మేఘాల్ని అలా పోనిచ్చి కూర్చోగలిగినవాళ్ళెవరూ మామిడి తోటల మధ్య కాపురం ఉండరు. అత్తయ్యగారు ఆ వీడియో ఓపిగ్గా చివరిదాకా చూసి, ఈవిడికి ఇంట్లో పనేం లేదా అమ్మాయ్ అని అడిగారు. వాళ్ళు పెట్టిన వైద్యాలన్నిటిలో ఆవిడకి కాస్త ఊరటనిచ్చింది అదేనేమో, ఆ పూటంతా దాన్ని తలుచుకుని నవ్వారు.

ఇంక మిగిలింది నా వైద్యం. సాయంత్రం నేను క్లినిక్‌నుంచి వచ్చేసరికి ఆవిడ మడి విప్పి ఉండేవారు, అప్పుడు వేడి కాపడం పెట్టేదాన్ని. పొద్దున్న ముట్టుకోవడానికి లేదు కాబట్టి గడప ఇవతలనుంచే వ్యాయామం చెప్పేదాన్ని. పిడికిలి బిగించండి, ఇంకా బిగించండి, అలాగే ఉంచండి, ఇప్పుడు ఒక్కసారిగా వదిలేయండి. తర్వాత భుజాలు, తర్వాత నుదురు, తర్వాత దవడ. ముందు కావాలని బిగిస్తే, తర్వాత వదులు ఎలా ఉంటుందో ఒంటికి తెలుస్తుంది. చాలామందికి పనిచేస్తుంది. అత్తయ్యగారు బిగించమంటే అద్భుతంగా బిగించేవారు. వదలమంటే వేళ్ళు తెరుచుకునేవి కానీ భుజాలు ఎక్కడివక్కడే ఉండేవి. ఊపిరి నెమ్మదిగా వదలమంటే దాంతోపాటు గోవింద నామం వచ్చేది, అది కూడా వేగంగా.

"బిగించడం బానే వస్తోందమ్మాయ్. వదలడమే చేతకావట్లేదు" అన్నారు ఒకరోజు.

మనసులో ఏముందో ఒకసారి చెబితే తేలికవుతుందన్నాను. నా మనసులో ఏముంటుంది, చింతపండు నానబెట్టాలి అన్నారు. మామయ్యగారు అరుగు మీదనుంచి, పోనీ నువ్వు కాస్త విశ్రాంతి తీసుకోవే అన్నారు. ఆవిడ ఆయన వంక చూసిన చూపుకి నేనే ఓ అడుగు వెనక్కి వేశాను. ఆ మాట నేను కూడా రోజూ వాడతాను. క్లినిక్‌లో విశ్రాంతి అంటే వైద్యం. కమిటీవాళ్ళ నోట్లో అదే మాటకి అర్థం ఇంక వెళ్ళమని. మా మామయ్యగారికి ఈ తేడా తెలియకపోవడం నాకు ఒళ్ళు మండించింది.

కల్యాణం దగ్గరపడింది. పందిరికి రాటలు వేశారు. ఒక సాయంత్రం నేను క్లినిక్‌నుంచి రాగానే అత్తయ్యగారు పెరటి వాకిట్లోకి పిలిచి, ఆదివారం పొద్దున్న స్నానానికి ముందు నన్ను తన్ను అమ్మాయ్ అన్నారు. నేను తన్నననే చెప్పాను. ఊళ్ళో ఎవరికీ చెయ్యని పని ఇంట్లో చేస్తే రేపటినుంచి నా క్లినిక్‌లో ఎవరైనా ఆ చార్టు వంక చూస్తారా అన్నాను. అత్తగారిని తన్నిన కోడలని జిల్లా అంతా చెప్పుకుంటారన్నాను. మా ఆయన అన్నం కలుపుకుంటూ, ఒక్క తన్నేగా, తన్నేస్తే పోలా అన్నారు. తల్లి వీపు గురించి ఆయన పడ్డ శ్రమ మొత్తం ఆ ఒక్క వాక్యం. మామయ్యగారు రోగం వచ్చినప్పుడు ఇలాంటివాటికి దోషం లేదని శ్లోకం చదివారు. ఆ కమిటీ మనిషి ముందు రాని మాట కోడలి కాలు గురించయితే ధారాళంగా వచ్చింది.

అత్తయ్యగారు మాత్రం బతిమాలలేదు. "నీ చదువు చెయ్యలేనిది నీ కాలు చేస్తే నీకు నామోషీ ఏంటి? రెండూ నీవేగా" అన్నారు. ఆదివారం తెల్లారకుండా లేస్తానన్నాను.

ఆదివారం ఇంకా మసక ఉండగానే ఆవిడ పెరటి గోడకి మొహం పెట్టి, రెండు చేతులూ గోడకి ఆనించి నిలబడ్డారు. తన్నించుకునేవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదట, తన్నేవాళ్ళతో మాట్లాడకూడదట. మూడు తన్నులు. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నా చదువుని మనసులోనే క్షమాపణ అడుగుతూ, పాదాన్ని ఆవిడ రెక్క ఎముక కింద ఆనించాను. పాదం కింద కూడా నాకు తెలుస్తూనే ఉంది, ఆ వీపు చెక్క. రెండోసారి కాస్త నొక్కాను. మూడోది ఇంకా పడలేదు. ఆవిడ గోడ వైపే చూస్తూ మాట్లాడారు.

"వాళ్ళు నన్ను మానిపించేస్తారమ్మాయ్. నాకు భయంగా ఉంది."

నేను కాలు కింద పెట్టేశాను.

"స్వామికి నా చేతి వంటే అలవాటు. రేపట్నించి ఇంకెవరో పెడితే, ఆవిడేదని అడగడానికి ఆయనకి నోరు లేదు కదే" అన్నారు.

ఇన్నేళ్ళ నా వైద్యంలో భయం అన్న మాట ఒక మనిషి నోట వినడం అదే మొదలు. గోడ వైపు తిరిగి ఉన్నారు కాబట్టి వచ్చింది. నా మొహం కనిపిస్తే చింతపండు దగ్గరే ఆగిపోయేది. నేను ఇందాక పాదం ఆనించిన చోట అరచెయ్యి పెట్టాను. అలా ఏం జరగదులెండి అన్నాను. అంతకంటే పనికిమాలిన మాట వైద్యంలో లేదని నాకు తెలుసు, అయినా అదే వచ్చింది. కానీ నా చేతి కింద ఆ వీపు కదిలింది. ఆవిడ పొడుగ్గా ఊపిరి వదిలారు, గోవింద నామం లేకుండా. నెలన్నరగా వేడికీ నూనెకీ వ్యాయామానికీ లొంగని కండరం నెమ్మదిగా మెత్తబడడం నాకు వేళ్ళకి తెలిసింది. పూర్తిగా కాదు. చెయ్యి పైకి లేచేంత.

మూడో తన్ను బాకీ పెట్టకూడదని ఆవిడే గుర్తు చేశారు. తన్ని, వంగి ఆవిడ పాదాలకి దణ్ణం పెట్టాను. ఆవిడ చెయ్యెత్తి చూసుకుని, చూశావా అన్నారు గర్వంగా. మధ్యాహ్నానికల్లా వీధంతా తెలిసిపోయింది. భయం సంగతి కాదు, తన్ను సంగతి. భయం సంగతి ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. వారం తిరక్కుండా జి. కొండూరునుంచి కూడా మనుషులొచ్చి నా క్లినిక్‌లో గోడ వైపు తిరిగి నిలబడడం మొదలుపెట్టారు. తన్నించుకోవడానికి వచ్చారు కానీ, గోడవైపు తిరిగి ఒక్కరూ నోరు విప్పలేదు.

కల్యాణానికి అత్తయ్యగారే వండారు. ఎవరినీ గరిటె ముట్టుకోనివ్వలేదు. మోచేతుల దాకా పసుపుతో పులిహోర కలిపారు. గుండిగని ఒక పక్క ఆవిడ, ఇంకో పక్క మా వదిన వరసావిడ పట్టుకుని దించడం నేను గడప ఇవతలనుంచి చూశాను. ఆ భుజం ఎంతవరకు లేస్తోందో, ఎక్కడ ఆగుతోందో చూస్తూనే ఉన్నాను. అది నా వృత్తి. నొప్పి ఉంది, కానీ పని ఆగలేదు. ఎండలో తోటల్లోంచి నేరుగా వచ్చిన కూలీలు, కార్లలో వచ్చిన వ్యాపారులు ఒకే వరసలో నిలబడి దొన్నెల్లో ప్రసాదం తిన్నారు. మళ్ళీ వరసలోకి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆవిడ చెయ్యగలరా లేదా అన్న ప్రశ్న ఎవరికైనా ఉండి ఉంటే, అది ఆ రోజు తీరిపోవాలి.

సాయంత్రం పందిట్లో మైకు పెట్టారు. కమిటీ అధ్యక్షుడు అమ్మగారిని వేదిక మీదికి రమ్మన్నాడు. ఆవిడ కొంగు నిండుగా కప్పుకుని వచ్చారు. ఆయన ఆవిడ చేసిన సేవ గురించి మాట్లాడాడు, అన్నపూర్ణ అన్నాడు, గొంతు కూడా కాస్త వణికించాడు. తర్వాత శాలువా తెప్పించాడు. అమ్మగారి ఆరోగ్యం దృష్ట్యా రేపటినుంచి వారికి పూర్తి విశ్రాంతి ఇవ్వాలని కమిటీ నిర్ణయించిందని, ప్రసాదాల పని కొత్త వంటవాళ్ళు చూసుకుంటారని ప్రకటించాడు. చెయ్యగలిగితే సరే అన్న మాట ఆయనకి గుర్తు లేదు. కొలతలు తీసుకున్న రోజే పొయ్యిలకి చెప్పేసి ఉంటాడని నాకప్పుడు తోచింది. జనం చప్పట్లు కొట్టారు. కడుపులో ఆవిడ పులిహోర పెట్టుకునే కొట్టారు. మామయ్యగారు అక్షింతలు తీసి భార్య మీద వేసి, చేతిలో మిగిలినవి అధ్యక్షుడి మీద కూడా వేశారు. మా ఆయన ఫోటోలు తీశారు. ఇలాంటి మగవాళ్ళ మెడలు ఎప్పుడూ పట్టేయవు.

నేను వేదిక పక్కనున్న రాట దగ్గర నిలబడ్డాను, ఆవిడ వెనక. శాలువా ఆవిడ భుజాల మీద పడింది. అప్పుడు ఆ భుజాలు దిగాయి. నెల్లాళ్ళు గడప ఇవతల నిలబడి వదలండి, వదలండి అని నేను మొత్తుకున్నా దిగని భుజాలు, చెవుల దగ్గరనుంచి మెల్లగా జారి కిందికి వచ్చేశాయి. మెడ పొడుగైంది. చేతులు రెండు పక్కలా వేలాడాయి. మా పుస్తకాల్లో ఇలాంటి వదులు కోసమే పేజీలు పేజీలు రాస్తారు. కాసుకోవడానికి ఇంకేమీ మిగలని ఒళ్ళు ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

ఇంటికి వచ్చాక ఆవిడ శాలువా మడతపెట్టి పక్కన పెట్టారు. నేను దగ్గర కూర్చున్నాను. ఏదైనా అనాలని చూశాను కానీ, కమిటీని తిట్టడం తప్ప నాకేమీ తోచలేదు, అది ఆవిడ ఆపేశారు. కుడి చెయ్యి తలమీదిదాకా ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి చూపించారు.

"నొప్పి పోయిందమ్మాయ్. మొత్తం వదిలేసింది. నీ కాలు మంచిది" అన్నారు.

నేను లోపలి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. నొప్పి తగ్గిందని ఒక మనిషి చెప్పినందుకు నేను ఏడవడం అదొక్కసారే.

ఇప్పుడు ఆవిడ బాగానే ఉన్నారు. ఆలస్యంగా లేస్తారు, మధ్యాహ్నం సీరియళ్ళు చూస్తారు. గుడినుంచి ప్రసాదం ప్లాస్టిక్ డబ్బాలో వస్తే కళ్ళకద్దుకుని తిని, బాగుందనే అంటారు. ఒక్క వంక కూడా పెట్టరు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా పెద్దావిడ ఎంత తేటగా ఉన్నారో అంటారు, నన్ను మెచ్చుకుంటారు. నేను ఆవిడ వెనకనుంచి వెళ్ళినప్పుడల్లా ఆ వీపు మీద చెయ్యి వేసి చూస్తాను. అది మెత్తగా ఉంటుంది, ఎక్కడా బిగువు లేదు. మళ్ళీ ఒక్కసారి పట్టేస్తే బాగుండునని అనుకుంటాను.